యంత్రానికి ఉక్కపోత – ల్యాప్‌టాప్ ఉష్ణ సమస్యపై ఒక పరిశీలన

సికింద్రాబాదు వేసవిని గూర్చి మన కళాశాల విద్యార్థులకు ఎవరూ వేరుగా చెప్పవలసిన పని లేదు. 1966 జూన్ 2వ తేదీన బేగంపేటలో 45.5 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైనది. అంతకు సుమారు డెబ్బది ఏండ్ల ముందు, 1897లో, అదే బేగంపేటలోని ఒక చిన్న ఆసుపత్రిలో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి దోమలను కోసి పరీక్షించుచుండెను. పంఖా లాగించుకొనుటకు వీలు లేదు. గాలి విసరినచో కోసిపెట్టిన దోమలు ఎగిరిపోవును. నొసటి చెమటకు, చేతుల చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టినవని ఆయన స్వయంగా వ్రాసుకొన్నాడు. ఆ ఉక్కలోనే ఆగస్టు 20వ తేదీన దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించినాడు. 1902లో నోబెల్ బహుమానం పొందినాడు. దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున పుచ్చుకొని తనను కుట్టించుకొన్న హుసేన్ ఖాన్ అను రోగి పేరు కూడ ఆ చరిత్రలో నిలిచినది. ఈ సంగతి మన విద్యార్థులలో తెలిసినవారు తక్కువ.

మనిషి ఉక్కను ఓర్చుకొని పని సాగింపగలడు. మన విద్యార్థుల చేతులలో ఉన్న ల్యాప్‌టాప్ యంత్రానికి ఆ ఓర్పు లేదు. అది మొదట మందగించును, పిదప ఆగిపోవును. ఆగిపోయిన యంత్రాన్ని చూచి మనం వైరస్ అని, మదర్‌బోర్డు అని, పాతబడినదని పలు విధాల నిందింతుము. అసలు కారణం చాల సందర్భాలలో వేడి మాత్రమే. ఆ వేడికి బయటికి పోవు త్రోవ మూసుకొనిపోవుటయే.

తెలుగు బోధించువారికి ఈ విషయంతో ఏమి పని అని కార్యవర్గ పెద్దలు అడుగవచ్చును. మేము ఇంజనీర్లము కాము. అయినను గత వేసవిలో ఈ విషయమై ఒక విద్యార్థికి మేము తెలిసీ తెలియని సలహా ఒకటి ఇచ్చినాము. దానివలన అతనికి కలిగిన నష్టం మా మనస్సును విడువలేదు. ఈ వ్యాసానికి అదియే కారణం.

అతడు డిగ్రీ తృతీయ సంవత్సరం విద్యార్థి. తండ్రి దర్జీ. పెండ్లిండ్ల వీడియోలను కూర్చి ఇచ్చి, ఆ వచ్చిన సొమ్ముతో తన ఫీజు తానే కట్టుకొనుచుండెను. ఆ పనికి గ్రాఫిక్స్ కార్డు గల యంత్రం కావలెను గనుక ఇరువది ఎనిమిది వేల రూపాయలు పెట్టి ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాడు. ఏప్రిల్ వచ్చునప్పటికి యంత్రం వీడియో తయారగుచుండగానే ఇరువది నిమిషాలకు ఒకసారి తటాలున ఆగిపోవ నారంభించినది. మా వద్దకు వచ్చి, "సార్, ఏం చేయమంటారు?" అని అడిగినాడు. మేము పెద్దరికం కొద్దీ, "వైరస్ పట్టి ఉండును, మొత్తం చెరిపివేసి విండోస్ మరల వేయించు" అని చెప్పినాము. అతడు మా మాటను గౌరవించి అట్లే చేసినాడు. అందులో ఒక కుటుంబం వారి వలీమా దృశ్యాలు సగం ఉన్నవి. కెమెరా కార్డుల మీద అప్పటికే మరొక పెండ్లి ఎక్కినది. ఆ దృశ్యాలు పోయినవి. పుచ్చుకొన్న అడ్వాన్సు తిరిగి ఇచ్చుకొన్నాడు. మరునాడు మరల వీడియో పని మొదలుపెట్టగా ఇరువది నిమిషాలకు యంత్రం మరల ఆగినది.

పిమ్మట అతడు నగరంలోని ఒక దుకాణానికి పోగా మదర్‌బోర్డు పోయినదని, పదునాలుగు వేలు అగునని చెప్పినారు. అప్పుడు మేము అతనిని వెంటబెట్టుకొని పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అనగా అందరూ సీటీసీ అని పిలుచు ఆ కంప్యూటర్ల బజారుకు పోయినాము. అక్కడ ఒక చిన్న బల్ల వద్ద కూర్చున్న పనివాడు యంత్రం అడుగు మూత విప్పి లోపలి ఫ్యానును ఊడదీసి చూపించినాడు. ఫ్యానుకు, దాని ముందున్న రాగి రేకుల వరుసకు నడుమ అరంగుళం మందాన ఒక మెత్తని పట్టీ. అది ఒట్టి దుమ్ము కాదు. ఎరుపు, పచ్చ, నీలం దారపు నూగు. తండ్రి కుట్టు మిషను, కొడుకు ల్యాప్‌టాప్ ఒకే గదిలో ఉండుటచేత రెండేండ్లుగా గుడ్డల నూగునంతా ఈ యంత్రం పీల్చుకొన్నది. "మదర్‌బోర్డుకు ఏం కాలే సార్. లోపల బొంత పరిచినట్టుంది, ఊపిరి ఆడుతలేదు" అన్నాడు అతడు. నూగు తీసి, పేస్టు మార్చి, ఆరువందలు పుచ్చుకొన్నాడు. అంతకు ముందు 98 డిగ్రీలు చూపిన ప్రాసెసరు అదే పని మీద 79 డిగ్రీల వద్ద నిలిచినది.

ఆ బల్ల వద్ద గడిపిన రెండు గంటలలో మేము నేర్చుకొన్నదీ, తరువాత చదివి తెలిసికొన్నదీ విద్యార్థుల ముందుంచుచున్నాము.

మొదట గ్రహింపవలసిన విషయం, ప్రాసెసరు పుచ్చుకొను విద్యుత్తు అంతయు చిట్టచివరకు వేడిగానే మారును. మిక్సీ పుచ్చుకొన్న విద్యుత్తులో కొంత పిండి రుబ్బుటకు పోవును. లెక్కలు చేయు చిప్ అట్టి బరువును దేనినీ కదల్పదు. పలుచని ల్యాప్‌టాప్‌లలోని ప్రాసెసరు సుమారు 15 వాట్లు, ఆటలకు, వీడియోలకు ఉద్దేశించిన వానిలోనిది 45 వాట్లు, దానికి తోడు ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ 50 మొదలు 100 వాట్లకు పైబడి కూడ ఖర్చు చేయును. నూరు వాట్ల పాత బల్బును చేతితో తాకినవారికి ఆ వేడి ఎట్టిదో తెలియును. ఆ వేడి ఇచట గోరంత వెడల్పు గల సిలికాన్ ముక్క నుండి వెలువడుచున్నది.

వేడిని నశింపజేయు ఉపాయం లేదు. దానిని ఒకచోటి నుండి మరొక చోటికి పంపుట ఒక్కటే మన చేతిలో ఉన్నది. ల్యాప్‌టాప్‌లో ఆ ప్రయాణం ఇట్లు జరుగును. చిప్ వీపు మీద పలుచగా పూసిన పేస్టు, దాని మీద రాగి బిళ్ళ, బిళ్ళకు అతికిన రాగి గొట్టం, గొట్టం చివర సన్నని రేకుల వరుస, ఆ రేకుల గుండా గాలిని నెట్టు ఫ్యాను. ఇందులో ఏ ఒక్కటి చెడినను వెనుకనున్న వేడి అంతయు చిప్ మీదనే పోగుపడును.

వీనిలో మాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది ఆ రాగి గొట్టం. చూచుటకు గట్టి కడ్డీవలె ఉండును గాని లోపల బోలు. అందులోని గాలినంతా తీసివేసి, కొద్దిపాటి నీరు పోసి, రెండు చివరలు మూసి ఉంతురు. పీడనం తక్కువగుటచేత ఆ నీరు నూరు డిగ్రీల దాక ఆగక, చిప్ వైపు కొద్ది వేడికే ఆవిరియై పరుగెత్తి, రేకుల వైపు చేరి, అక్కడ చల్లబడి మరల నీరగును. లోపలి గోడకున్న వత్తివంటి పొర ఆ నీటిని పీల్చి వెనుకకు తెచ్చును. ఒక్క చుక్క తగ్గకుండ ఈ రాకపోకలు యంత్రం పని చేసినంత సేపును జరుగుచునే ఉండును. మన కూజాలో నీరు చల్లబడుటకు, వట్టివేళ్ళ తడికల మీదుగా వచ్చు గాలి హాయి గొల్పుటకు, మన ఒంటికి చెమట పట్టి ఆరుటకు ఏది మూలమో దీనికిని అదియే మూలం. యంత్రానికి చెమట లోపలనే పట్టునన్నమాట. ఈ ఊహకు 1944లోనే అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన గాగ్లర్ పేటెంటు పొందినాడు. 1963లో లాస్ అలమాస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దానిని స్వతంత్రంగా మరల కనుగొని ఆచరణలో పెట్టినాడు. అంతరిక్ష నౌకలలో వాడిన ఆ సాధనం ఈనాడు దర్జీ కొడుకు ల్యాప్‌టాప్‌లో ఉన్నది.

పేస్టు సంగతి. రాగి బిళ్ళ, చిప్ వీపు ఎంత నునుపుగా కనబడినను రెండింటి నడుమ కంటికి కానరాని పల్లాలు మిగులును. వానిలో గాలి నిలుచును. రాగి గాలికంటె సుమారు 15,000 రెట్లు మేలైన ఉష్ణవాహకం. కనుక ఆ గాలి పొర ఎంత పలుచనిదైనను గోడవలె అడ్డు నిలుచును. పేస్టు ఆ పల్లాలను నింపును. మూడు నాలుగేండ్లకు అది ఎండి, బీటలు వారి, పక్కలకు జారిపోవును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి క్రొత్తది పూయవలెను. బఠాణీ గింజంత చాలును. కొందరు పిల్లలు రొట్టె మీద వెన్న పూసినట్లు దట్టంగా పూయుదురు; అది మరల అడ్డుగోడయే.

గాలి సంగతి అన్నింటికంటె తేలికైనది, అన్నింటికంటె మనం నిర్లక్ష్యం చేయునది. చాల యంత్రాలు అడుగు నుండి గాలి పీల్చి, వెనుక నుండి గాని పక్క నుండి గాని వదలును. అట్టి యంత్రాన్ని పరుపు మీద, దిండు మీద పెట్టి పని చేయుట మన పిల్లల అలవాటు. హైదరాబాదు వారికి బిర్యానీ దమ్ వేయుట ఎట్లో చెప్పనక్కరలేదు. గిన్నె మూత చుట్టు పిండి అంటించి ఆవిరి బయటికి పోకుండ చేయుదురు. పరుపు మీది ల్యాప్‌టాప్‌కు మనం చేయునది ముమ్మాటికి అదియే. అయితే అందులో ఉడుకునది బిర్యానీ కాదు. ల్యాప్‌టాప్ అను మాటకు ఒడి మీద ఉండునదని అర్థం. ఆ పేరు పెట్టినవారు యంత్రాన్ని బాగుగా అమ్మినారు గాని దానికి మేలు చేయలేదు. గట్టి బల్ల మీద పెట్టి, వెనుక వైపు ఒక అంగుళం ఎత్తు లేపినచో చాలును. సీసా మూతలు రెండు పెట్టినను సరిపోవును. అడుగున పెట్టు కూలింగ్ ప్యాడ్ కూడ మంచిదే, గాలి రంధ్రాలు అడుగున ఉన్న యంత్రానికి మాత్రం. లోపల నూగు పేరుకొన్న యంత్రానికి ఎన్ని ప్యాడ్లు పెట్టినను ప్రయోజనం స్వల్పం.

ఇక వేసవి. ఫ్యాను గది గాలినే లోపలికి పంపును గనుక గది కంటె చల్లగా ఏ చిప్పునూ చేయజాలదు. అదే పని, అదే ఫ్యాను వేగం ఉన్నప్పుడు గది ఉష్ణోగ్రత 25 నుండి 40 డిగ్రీలకు పెరిగినచో చిప్ కూడ సుమారు 15 డిగ్రీలు పెరుగును. డిసెంబరులో 80 వద్ద నెమ్మదిగా ఉన్న యంత్రం మే నెలలో రేకుల ఇంటిలో 95కు చేరుట ఇందుచేతనే. ఇంటెల్ వారి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు అనేకం 100 డిగ్రీల హద్దుతో తయారైనవి. గ్రాఫిక్స్ చిప్పుల హద్దు సాధారణంగా మరికొంత తక్కువ. హద్దు సమీపించగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో విద్యుత్తును ఆపివేయును. మనం రోగమనుకొనునది నిజానికి ఆత్మరక్షణ. మా విద్యార్థి యంత్రం ఇరువది నిమిషాలకు ఒకసారి చేసిన పని అదియే. దానిని మేము వైరస్ అని పిలిచినాము.

ఈ వేడి బెడద మన పిల్లలకే కాదు, యంత్రాలను సృష్టించు మహాసంస్థలకు కూడ తప్పలేదు. 1974లో ఐబీఎమ్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్, అతని సహచరులు ఒక సూత్రం ప్రకటించినారు. ట్రాన్సిస్టరు పరిమాణం తగ్గిన కొలదీ ఓల్టేజిని కూడ తగ్గించుకొనుచు పోయినచో, చిప్ వేగం పెరిగినను చదరపు వైశాల్యానికి వేడి పెరుగదని దాని సారాంశం. ముప్పది ఏండ్లు పరిశ్రమ ఆ సూత్రం మీద నడిచినది. 2004 ప్రాంతానికి ఓల్టేజి ఇంక తగ్గనని మొరాయించినది. ఆ ఏడు మే నెలలో ఇంటెల్ తాను రూపొందించుచున్న టేజాస్ అను ప్రాసెసరును విరమించుకొన్నది. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం–4ను కూడ అదే సంవత్సరం మానుకొన్నది. ఒక్క చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టు పద్ధతి వ్యాపించుటకు ఇది ముఖ్య కారణం. గ్రాఫిక్స్ చిప్పుల విషయంలో 2008 జూలైలో ఎన్‌విడియా సంస్థ, తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్పుల కూర్పులో వాడిన పదార్థం బలహీనమై అవి చెడిపోవుచున్నవని ఒప్పుకొని, 15 కోట్ల నుండి 20 కోట్ల డాలర్ల ఖర్చును లెక్కలో చూపవలసి వచ్చినది. చిప్ వేడెక్కినప్పుడు వ్యాకోచించును, చల్లారినప్పుడు సంకోచించును. రోజుకు పలుమార్లు జరుగు ఈ ఉబ్బుట, కుంచించుకొనుట వలన బలహీనమైన అతుకులు క్రమంగా బీటలు వారును. ఒక్కనాటి 95 డిగ్రీలకంటె రోజూ వేయు ఈ ఎగుడుదిగుళ్ళు ఎక్కువ హాని చేయగలవు.

వేడిని బయటికి పంపుట ఒక ఎత్తు, పుట్టకుండ చూచుట మరొక ఎత్తు. చిప్ ఖర్చు చేయు శక్తి దాని పౌనఃపున్యాన్ని బట్టియు, ఓల్టేజి వర్గాన్ని బట్టియు ఉండును. ఓల్టేజి పదవ వంతు తగ్గినచో ఖర్చు సుమారు 19 శాతం తగ్గును. ప్రాసెసర్లకు టర్బో అను ఒక దూకుడు గుణం కలదు. పని వచ్చినప్పుడు కొంత సేపు హద్దు మీరి పరుగెత్తును, అందుకు ఓల్టేజి కూడ పెంచుకొనును. విండోస్‌లోని పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అను అంకెను 100కు బదులు 99 చేసినచో చాల యంత్రాలలో ఆ టర్బో ఆగిపోవును. ఒక్క అంకె మార్పుకు పదేసి డిగ్రీలు తగ్గుట మేము స్వయంగా చూచినాము. వ్యాసాలు, లెక్కలు, ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలకు ఆ తగ్గిన వేగం చాలును. కొన్ని యంత్రాలలో ఆ అంకె కనబడకుండ దాచి ఉంతురు. అప్పుడు తయారీదారు ఇచ్చిన సైలెంట్ లేక బ్యాటరీ సేవర్ పద్ధతిని ఎన్నుకొనవచ్చును.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఒక మెలిక ఉన్నది. అనేక ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసరుకు, గ్రాఫిక్స్ చిప్‌కు రాగి గొట్టాలు ఉమ్మడిగా ఉండును. ఉమ్మడి కుటుంబంలో ఒకరి కోపం అందరికీ తగిలినట్లు, ఒకటి కాలినచో రెండవదియు కాలును. ఆటలాడువారు సెకనుకు బొమ్మల సంఖ్యను 60 వద్ద కట్టివేయుట మంచిది. తెర చూపగలిగినది అరవై బొమ్మలే అయినప్పుడు చిప్ నూట ఇరువది గీయుట వృథా శ్రమ. బ్రౌజరు వంటి చిన్న పనులకు ప్రత్యేక చిప్‌ను వాడనీయక ప్రాసెసరులోనే ఉన్న గ్రాఫిక్స్‌ను వాడునట్లు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో నిర్ణయింపవచ్చును.

ఏది ఎంత వేడిగా ఉన్నదో తెలియకుండ వైద్యం చేయరాదు. ఆ తప్పు మేము చేసినాము. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో, హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ఉచిత ప్రోగ్రాములు ప్రతి చిప్ ఉష్ణోగ్రతను చూపును. పని లేనప్పుడు 45–55, భారమైన పనిలో 80–90 ఉన్నచో మన వేసవిలో కంగారు పడనవసరం లేదు. చిన్న పనికే 90 దాటినచో మాత్రం మూత విప్పించవలెను. టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రాము ప్రాసెసరును మ్రింగుచున్నదో కూడ చూడవలెను. నిజంగానే వైరస్ ఉన్నచో అక్కడ బయటపడును. ఏది చేసినను ముందుగా ఫైళ్ళ నకలు వేరొక చోట దాచుకొనవలెను. ఈ వాక్యం గత ఏప్రిల్‌లో మాకు తోచలేదు.

చేయరాని పనులు కొన్ని. వేడెక్కిన యంత్రాన్ని ఫ్రిజ్‌లో పెట్టినవారిని మేము ఎరుగుదుము; బయటికి తీయగానే దాని లోపల తేమ చేరును. నీటి కూలరు ఎదుట పెట్టుట కూడ మంచిది కాదు. తుంపరలు, తేమ లోపలికి పోవును. బ్లోయరుతో ఊదునప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో కదలకుండ పట్టుకొనవలెను, లేనిచో అది మితిమీరి తిరిగి చెడును. మూత విప్పినప్పుడు అన్నింటికంటె ముందు బ్యాటరీ తీగను ఊడదీయవలెను. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్లు కనబడినచో ఆ క్షణమే వాడుట మానవలెను. దానిని గుచ్చుట, నొక్కుట ప్రమాదం. గ్యారంటీ కాలం ఉన్న యంత్రాన్ని మాత్రం కంపెనీ వారి చేతనే విప్పించవలెను.

ఇక్కడ ఒక చిన్న మాట. పంకా అను పదం సంస్కృతంలోని పక్ష శబ్దం నుండి పుట్టి, పంఖా అను రూపంలో ఉర్దూలో స్థిరపడి, మన తెలుగులోనికి వచ్చినది. ఈ సంచికలోని రెండు భాషలకును చెందిన ఆ మాటను వదలి ఫ్యాను అని వ్రాసినందుకు మిత్రులు మన్నింతురు గాక. బజారులో పంకా అన్నచో పైకప్పు వైపు చూచుచున్నారు.

ఆ విద్యార్థి ఇప్పుడు యంత్రాన్ని కుట్టు మిషనుకు దూరంగా, కిటికీ పక్క పెట్టుకొన్నాడు. వెనుక వైపు ఎత్తుకు తండ్రి ఇచ్చిన ఖాళీ దారపు రీళ్ళు రెండు పెట్టినాడు. ఆరు నెలలకు ఒకసారి తానే మూత విప్పి నూగు తీయుచున్నాడు. వలీమా దృశ్యాలు పోగొట్టుకొన్న ఆ కుటుంబం ఇంటికి మేమును అతనితో కూడ పోయి, తప్పు ఎవరిదో చెప్పి వచ్చినాము. వారు టీ ఇచ్చి పంపినారు.

కార్యవర్గ పెద్దలకు మా విన్నపం ఒక్కటి. మన కంప్యూటర్ గదిలోని యంత్రాలను వేసవి సెలవులకు ముందు, అనగా మార్చి నెలలో, ఒకసారి విప్పించి శుభ్రపరచునట్లు ఏర్పాటు చేయవలెను. ప్రతి యంత్రం అడుగున శుభ్రపరచిన తేదీని వ్రాసిన చీటీ ఒకటి అంటించవలెను. ఉపన్యాసకుల గదిలోని ల్యాప్‌టాప్‌కు మొదటి చీటీని మేమే అంటించినాము. దాని నుండి తీసిన దుమ్ము పట్టీని, చూడదలచినవారి కొరకు, మా బల్ల సొరుగులో దాచి ఉంచినాము.